అడిగినవారికి ఒక్క ప్రతి

పుస్తకములు అచ్చు వేయువారి వద్దకు పోయి చూడుడు. వారు మొదట అడుగునది పుస్తకమున ఏమున్నదని కాదు, ఎన్ని ప్రతులు కావలెనని. అక్షరములు కూర్చి, తప్పులు దిద్ది, ఫారములు కట్టి యంత్రము మీది కెక్కించు వరకు అగు ఖర్చు పది ప్రతులకైనను వెయ్యి ప్రతులకైనను ఒక్కటే. అందుచేత వెయ్యిమంది కొనువారు కనబడని పుస్తకము అచ్చున కెక్కదు. ఒకమారు అచ్చై అమ్ముడుపోయిన పుస్తకము, మరల వెయ్యిమంది కనబడువరకు పైకి రాదు. ఒక పాత గ్రంథము కావలసినవాడు ఖుర్దా రోడ్డులో ఒకడు, షోలాపురములో ఒకడు, హుబ్బళ్ళిలో ఒకడు, చెన్నపట్టణములో నలుగురుగా చెదరియున్న మనవంటి వారికి ఈ వెయ్యి లెక్కలో ఎన్నడును చోటు లేదు.

అయితే, వెయ్యిమంది కొరకు కాక, అడిగిన ఒక్కని కొరకు ఒక్క ప్రతి తీసి యిచ్చు పద్ధతి యొకటి కలదు. నేడు పెక్కు విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో, బీరువాలో నున్న పాత గ్రంథమును కోరినవారి కొరకు స్కాను చేసి కంప్యూటరులో చదువుటకు గాని, కాగితముపై అచ్చొత్తి బైండు చేసి గాని యిచ్చుచున్నారు. ఇది నిన్న మొన్న పుట్టిన వింత యని అనేకులు తలంతురు. దీని కథ చాల పాతది. ఆ కథను తెలిసినంతమట్టుకు చదువరులకు చెప్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొన్నాము. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వే ఆఫీసులో కాగితములు చూచుకొనువారమే గాని పండితులము కాము. అయినను నకళ్ళు తీయు పని మాకు కొత్త కాదు కనుక, ఆ విషయములో రెండు మాటలు చెప్పుటకు హక్కు కలదని ధైర్యము.

అచ్చు రాకముందు మన దేశమున పుస్తకములన్నియు అడిగినవారికి ఒక్కొక్క ప్రతిగానే పుట్టినవి. భారతములో ఒక పర్వము కావలసిన గృహస్థు, అది ఎవరి యింట నున్నదో విచారించి, ఎరవు తెచ్చి, వ్రాయసకానిని పిలిపించి, తాటాకులు సిద్ధము చేయించి, అతనికి భోజనము పెట్టి కూలి యిచ్చి వ్రాయించుకొనెడివాడు. గంటముతో గీచిన అక్షరములకు మసి పూసిన గాని అవి కంటికి కనబడవు. తుదిని వ్రాయసకాడు, తాను చూచినది చూచినట్లే వ్రాసితిననియు, తప్పులున్న పెద్దలు మన్నింపవలెననియు, గ్రంథమును నూనెకు నీటికి దూరముగా నుంచుడనియు వ్రాసి చేతులు దులుపుకొనెడివాడు. మా ఆఫీసులలో నకలు కింద ‘నిజమైన ప్రతి’ అని వ్రాసి సంతకము చేయుటకు ఇదియే పూర్వరూపమని మాకు తోచును.

ఐరోపాలో 13వ శతాబ్దమున బొలోన్యా, పారిస్ విశ్వవిద్యాలయముల చుట్టును ఇంతకంటె చమత్కారమైన ఏర్పాటు ఉండెను. దానికి పేచియా అని పేరు, అనగా ముక్క. విశ్వవిద్యాలయము వారు సరిచూచి ఒప్పుకొన్న మూలప్రతి యొకటి పుస్తక వర్తకుని వద్ద ఉండును. దానిని కుట్టక, సాధారణముగా నాలుగేసి ఆకుల ముక్కలుగా విడదీసి ఉంచును. విద్యార్థి గాని, అతడు కూలికి పెట్టుకొన్న వ్రాయసకాడు గాని ఒక ముక్కను అద్దెకు తీసుకొనిపోయి, నకలు వ్రాసుకొని, తిరిగి యిచ్చి, తరువాతి ముక్కను తీసుకొనిపోవును. అద్దె ఎంత యనునది విశ్వవిద్యాలయమే నిర్ణయించెడిది. ఇందువలన ఒక్క గ్రంథమునే ఏకకాలమున పదిమంది, ఇరువదిమంది వ్రాసుకొనుటకు వీలయ్యెను. పెద్ద రిజిస్టరును విప్పి తలకొక కట్ట పంచుకొని వ్రాసిన రోజులను మా ఆఫీసులో విశ్రాంతి పుచ్చుకొన్న పెద్దలు చెప్పగా విన్నాము. ఆ యుక్తి ఏడు వందల ఏండ్ల నాటిదని వారికి తెలిసియుండదు.

ఇక మన తెలుగు విషయమునకు వత్తము. 1820లో కడపకు ఉద్యోగముపై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పేరు వినని తెలుగువాడు లేడు. ఆయన నిఘంటువును అందరు మెచ్చుకొందురు. కాని ఆయన చేసిన పనిలో మాకు మిక్కిలి గొప్పగా తోచునది నకళ్ళు తీయించుట. కడపలోని తన బంగళాలో పండితులను, వ్రాయసకాండ్రను జీతములిచ్చి పెట్టుకొని, ఒక్కొక్క గ్రంథమునకు దొరికినన్ని తాళపత్ర ప్రతులను పలుచోట్ల నుండి తెప్పించి, వాటిని ఒకదానితో నొకటి పోల్చి, శుద్ధమైన పాఠమును కాగితముపై వ్రాయించెను. ఇది సర్కారు ఖర్చు కాదు, ఆయన జేబులోనిది. అందులకై అప్పులు కూడ చేసెను. వేమన పద్యములను 1829లో అచ్చు వేయించెను గాని, ఆయన వ్రాయించిన వానిలో అచ్చున కెక్కనివే ఎక్కువ. కొనువారు ఎవరని ఆయన అడుగలేదు. గ్రంథము నశింపరాదు, ఒక్క మంచి ప్రతియైనను మిగులవలెను, అంతే ఆయన లెక్క. 1845లో ఆ గ్రంథములను మదరాసు లిటరరీ సొసైటీకి ఒప్పగించెను. తరువాత అవి చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరినవి.

ఇక్కడ ఒక సంగతి మనవారు గమనింపవలెను. ఈ గ్రంథములు నేటికిని చెన్నపట్టణముననే ఉన్నవి. 1953లో ఆంధ్ర రాష్ట్రము వేరైనప్పుడు మనుష్యులు కొందరు కదలిరి గాని తాళపత్రములలో పెద్ద భాగము కదలలేదు. తంజావూరు సరస్వతీ మహలు సంగతియు అట్టిదే. నన్నెచోడుని కుమారసంభవము అను కావ్యము ఒకటున్నదని కూడ తెలుగుదేశము మరచిపోయిన కాలమున, మానవల్లి రామకృష్ణకవిగారు తంజావూరి ప్రతిని చూచి, నకలు తీయించి, 1909లో ప్రకటించిరి. అరవదేశమున కాపురమున్న తెలుగు పుస్తకము ఒకటి తెలుగు సాహిత్య చరిత్రనే తిరగవ్రాయించినది. ప్రవాసమున ఉన్నది మనమే కాదు, మన గ్రంథములు కూడ. దూరముగా ఉన్న గ్రంథమును కదల్చకుండ దాని నకలును మాత్రము రప్పించుకొనుట ఎట్లు అనునది అందుచేత మనకు ఊరక చెప్పుకొను ప్రశ్న కాదు.

చేతి వ్రాతలో రెండు చిక్కులు. ఒకటి కాలము, రెండవది తప్పు. వ్రాయసకాడు ఎంత జాగ్రత్తపరుడైనను పంక్తి దాటిపోవుట సహజము. కార్బను కాగితము వచ్చి ఆఫీసులకు కొంత ఊరట కలిగించినది గాని, అది క్రొత్తగా వ్రాయుదానికే పనికివచ్చును; ముందే ఉన్న పుస్తకమునకు పనికిరాదు. పైగా మూడవ కార్బను ప్రతిని చదువగల కన్నులు ఉన్నవారికి కళ్ళజోడు అక్కరలేదని మా ఆఫీసులో సామెత.

20వ శతాబ్దపు మొదటి పదేండ్లలో అమెరికాలో బీడ్లరు అనువాడు రెక్టిగ్రాఫు అను యంత్రమును, గ్రెగరీ అనువాడు ఫోటోస్టాటు అను యంత్రమును కల్పించిరి. ఇవి పెద్ద కెమెరాలు. పలుచని ఫిల్ముపై కాక నేరుగా చుట్టగా నున్న కాగితముపైననే బొమ్మ తీయును. నల్ల కాగితముపై తెల్లని అక్షరములు వచ్చును. కటకము ముందు పట్టకమును బిగించుటచేత అక్షరములు తిరగబడవు. తరువాతి దశకమున అమెరికాలోని పెద్ద గ్రంథాలయములు వీనిని కొని, దూరపు పండితులు ఉత్తరము వ్రాసి రుసుము పంపినచో కావలసిన పుటలకు ఫోటోస్టాటు తీసి పంపసాగినవి. గ్రంథాలయము తన పుస్తకమును ఇల్లు కదల్చకుండ, పోస్టులో పంపగలిగిన కాలము ఇది. అయితే ఒక్కొక్క పుటకు రసాయనములు, కడుగుట, ఆరబెట్టుట. పుస్తకము మొత్తము తీయించుటకు ధనవంతులకే సాధ్యము.

1938 అను సంవత్సరము ఈ కథలో మరపురానిది. ఆ యేడే, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ, ఇద్దరు మనుష్యులు రెండు పనులు చేసిరి.

మొదటివాడు చెస్టరు కార్ల్సన్. పేద యింట పుట్టి, భౌతికశాస్త్రము చదివి, న్యూయార్కులో ఒక కంపెనీ పేటెంటు శాఖలో ఉద్యోగము చేయుచుండెను. పేటెంటు కాగితములకు ఎప్పుడును నకళ్ళు చాలవు. టైపు చేయవలె, సరిచూడవలె, బొమ్మలుంటే ఫోటోస్టాటు వారి వద్దకు పంపవలె. పైగా రాత్రివేళ న్యాయశాస్త్రము చదువుచు, పుస్తకములు కొను శక్తి లేక, న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో కూర్చుండి గంటలకొలది చేతితో ఎక్కించుకొనెడివాడు. చేతులకు కీళ్ళనొప్పి. నకలు వ్రాసి వ్రాసి నొప్పిపుట్టిన చేయి ఎట్టిదో గుమాస్తా పని చేసినవారికే తెలియును. అదే గ్రంథాలయమున వెలుతురు సోకినప్పుడు విద్యుత్తును పోనిచ్చు పదార్థములను గూర్చి చదివి, ఇంటివద్ద వంటగదిలో గంధకము కాచి, ఇరుగుపొరుగువారు వాసనకు బాధపడునట్లు ప్రయోగములు చేసెను.

1938 అక్టోబరు 22వ తేదీన, ఆస్టోరియా అను పేటలో అద్దెగదిలో, ఓటో కోర్నై అను సహాయకునితో కలసి, తుత్తునాగపు రేకుకు గంధకము పూసి, దానిని చేతిరుమాలుతో రుద్ది విద్యుత్తు పుట్టించెను. గాజు పలకపై ఆ తేదీని, ఊరి పేరును సిరాతో వ్రాసి, రేకుపై నుంచి, దీపము వెలిగించిరి. వెలుతురు పడిన చోట విద్యుత్తు పోయెను; అక్షరముల నీడ పడిన చోట నిలిచెను. మెత్తని పొడిని చల్లి ఊదగా అక్షరముల చోటనే పొడి అంటుకొనెను. మైనపు కాగితమును దానిపై అద్ది తీయగా అక్షరములు కాగితముపైకి వచ్చెను. తడి లేదు, రసాయనపు తొట్టి లేదు. మన గంటపు గీతలలో మసి నింపుటకును దీనికిని ఏదో చుట్టరికము ఉన్నట్లు మాకు కనబడును. శాస్త్రజ్ఞులు నవ్విన నవ్వవచ్చును.

ఇంత సులువైన పనిని ఇరువదికి పైగా కంపెనీలు త్రోసిపుచ్చినవి. తుదకు హాలాయిడ్ అను చిన్న కంపెనీ చేపట్టి, 1959లో జిరాక్స్ 914 అను యంత్రమును బయటపెట్టెను. 9 అంగుళముల వెడల్పు 14 అంగుళముల పొడవు కాగితము వరకు నకలు తీయును కనుక ఆ పేరు. అది 650 పౌనుల బరువు. ఒక్కొక్కప్పుడు కాగితము కాలి పొగ వచ్చుటచేత మంటలార్పు సాధనమును కూడ వెంట పంపెడివారు. అయినను అదే లోకమునకు జిరాక్సు అను మాటను ఇచ్చినది. నేడు మన స్టేషను రోడ్డుమీది దుకాణమున పిల్లవాడు కూడ ‘జిరాక్సు తీయించుకొని రా’ అని అనునప్పుడు, కీళ్ళనొప్పితో బాధపడిన ఆ గుమాస్తా ఎవనికి జ్ఞప్తికి వచ్చును?

రెండవవాడు యూజీన్ పవర్. ఆన్ ఆర్బరులో మిచిగాను విశ్వవిద్యాలయమున చదివి, అచ్చు వ్యాపారములో పని నేర్చినవాడు. బ్రిటిషు మ్యూజియములో 1640కి ముందు అచ్చైన ఇంగ్లీషు పుస్తకములను సూక్ష్మ ఫిల్మునకు ఎక్కించి అమెరికా గ్రంథాలయములకు అందించు పనిని 1930ల నడుమ మొదలుపెట్టి, 1938లో యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ అను సంస్థను స్థాపించెను. ఆయన ఊహ మిక్కిలి సరళము. అచ్చువాడు ముందు వెయ్యి ప్రతులు వేసి తరువాత కొనువారికై కాచుకొనును. తాను ఫిల్మును మాత్రము సిద్ధముగా నుంచుకొని, అడిగినవాడు వచ్చినప్పుడే ప్రతి తీయును. గోదాము అక్కరలేదు, మిగులు లేదు, అచ్చు అయిపోయినది అను మాటయే లేదు. ఇట్లు ఒక్క ప్రతియే ఒక ముద్రణము అయినది. విశ్వవిద్యాలయములకు సమర్పించిన పరిశోధన గ్రంథములను ఆయన సంస్థ ఈ రీతిగా దాచి, కోరినవారికి పంపసాగెను. యుద్ధకాలమున బాంబుల భయము కలిగినప్పుడు ఇంగ్లండులోని అపూర్వ లిఖిత గ్రంథములను లక్షలకొలది పుటలుగా ఫిల్మున కెక్కించిన పనిలోను ఆయన చేయి కలదు.

ఫిల్మును చదువుటకు యంత్రము ముందు కూర్చుండవలెను, కన్నులు మండును. 1950లలో కార్ల్సన్ విద్య పవరు పనికి తోడయ్యెను. ఫిల్ము నుండి నేరుగా వరుసగా కాగితముపై అచ్చు పడు యంత్రము వచ్చుటచే, దొరకని పాత పుస్తకములను ఫిల్ము నుండి కాగితపు పుస్తకముగా ఒక్కొక్కటే చేసి అమ్మగలిగిరి. 1962లో జిరాక్సు కంపెనీయే పవరు సంస్థను కొనివేసెను. 1938లో వేరువేరుగా బయలుదేరిన రెండు బండ్లు ఒకే పట్టాలపైకి వచ్చినవి.

ఇంతలో మరొక ప్రమాదము పైబడినది. 19వ శతాబ్దపు నడుమ నుండి కాగితమును కొయ్యగుజ్జుతో చేయుచు, సిరా పాకకుండుటకు పటిక కలిపిరి. ఆ పటిక వలన కాగితములో ఆమ్లము పుట్టి లోలోపల తినివేయును. తాటాకు మూడు నాలుగు వందల యేండ్లు బ్రతికియుండగా, మన తాతల కాలపు అచ్చు పుస్తకము చేతిలో అప్పడమువలె విరుగుచున్నది. ఎవరింటనైనను పాత భారతి సంచిక తీసి చూడుడు, తెలియును. 1990లో కార్నెల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము వారు జిరాక్సు కంపెనీతో కలసి ఇట్లు విరుగుచున్న సుమారు 1,000 పుస్తకములను స్కాను చేసి, ఆమ్లము లేని కాగితముపై తిరిగి అచ్చొత్తి బీరువాలలో నుంచిరి. పుస్తకమును కాపాడుట, అడిగినవారికి ప్రతి యిచ్చుట అను రెండు పనులును ఒక్కటే యంత్రముతో సాధ్యమని అప్పుడు ఋజువైనది.

అటుపిమ్మట జరిగినవి త్వరగా చెప్పుకొనవచ్చును. 2004లో గూగులు కంపెనీ పెద్ద గ్రంథాలయములతో ఒప్పందము చేసికొని లక్షలకొలది పుస్తకములను స్కాను చేయ మొదలుపెట్టెను. 2008లో మిచిగాను విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఎస్ప్రెస్సో అను యంత్రమును పెట్టిరి. అడిగినవాడు నిలుచుండగానే పుటలు అచ్చొత్తి, అట్ట అంటించి, అంచులు కోసి కొన్ని నిమిషములలో పుస్తకము చేతిలో పెట్టెడిది. కాఫీ యంత్రము పేరు పెట్టుట అందుకే.

వీనికంటె మాకు నచ్చినది ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము ముందుండి నడిపిన ఏర్పాటు. 2006లో 8 దేశముల నుండి 13 గ్రంథాలయములు కూడి మొదలుపెట్టినవి. గ్రంథాలయపు జాబితాలో పాత పుస్తకము పేరు ప్రక్కన ఒక మీట ఉండును. చదువరి దానిని నొక్కి రుసుము చెల్లించిన, ఆ పుస్తకమును బీరువా నుండి తీసి స్కాను చేసి పంపుదురు. కోరిన కాగితముపై అచ్చొత్తి యిత్తురు. ముఖ్యముగా మెచ్చవలసినది ఏమనగా, ఒకడు రుసుము కట్టి తీయించిన ప్రతిని గ్రంథాలయము దాచుకొని, తరువాత అందరికిని అందుబాటులో ఉంచును. ఒక్కని ఖర్చు, పదిమందికి ఉపకారము. ఊరి చెరువు పూడిక తీయించిన పుణ్యము వంటిది.

మన దేశములో ఈ పని పెద్దయెత్తున జరిగినది తెలుగువాని తలంపుతోనే అని చెప్పుట మనకు పండుగపూట సంతోషకరమైన మాట. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదైన ట్యూరింగు బహుమానమును 1994లో అందుకొన్న రాజ్ రెడ్డిగారు, పది లక్షల పుస్తకములను స్కాను చేసి ఎల్లరకు ఉచితముగా ఇవ్వవలెనని సంకల్పించిరి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు ఈ దేశమున ముందుండి నడిపించెను. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ తోడ్పడెను. చైనా విశ్వవిద్యాలయములు తమ భాషకు పూనుకొనెను. 2007 నాటికి పుస్తకముల సంఖ్య 15 లక్షలు దాటినదని ప్రకటించిరి. అందులో చైనా భాష మొదటిది, ఇంగ్లీషు రెండవది. ఆ తరువాత చెప్పుకొన్నది తెలుగు, సుమారు 50,000. అరబ్బీ కంటె మనదే ఎక్కువ. ఈ లెక్కను మొదట చదివిననాడు మాకు కలిగిన గర్వము ఇంతంత కాదు.

గర్వము కొంత దిగిన తరువాత పుస్తకములను తెరచి చూచినాము. చాలవరకు బాగుగనే ఉన్నవి. కాని కొన్నింట పుటలు వంకర. కొన్నింట పుట నదిమిపట్టిన వ్రేలు కూడ ముద్రితము. కొన్నింట ఒక పుట రెండుమారులు, తరువాతి పుట లేనే లేదు. వ్రాయసకాడు పంక్తి దాటినట్లే యంత్రము పుట దాటుచున్నది. అంతకంటె పెద్ద చిక్కు పేర్లది. తెలుగు పుస్తకముల పేర్లను ఇంగ్లీషు అక్షరములలో, తెలుగు రానివారు కూడ ఎక్కించినట్లున్నారు. ‘విష్ణు’ ఏ రూపమున నున్నదో, ‘చరిత్రము’ ఎన్ని రకములుగా వ్రాయబడినదో వెదకువాడు ఊహించుకొనవలెను. పార్సిలు సరిగానే చేరినది గాని చీటీ తప్పు వ్రాసినారు. గోదాములో ఉన్నను లేనట్లే. అడిగినవారికి ప్రతి యిచ్చెదమని గ్రంథాలయము చెప్పును. పేరే దొరకనిదానిని ఎవరు అడుగుదురు? అడుగువారు లేరు కనుక తిరిగి స్కాను చేయుట అనవసరమని వారు తీర్మానింతురు. ఇంగ్లీషు గణితగ్రంథమునకు ఈ బాధ లేదు. కోరికను బట్టి నకలు అను పద్ధతిలోని ఈ లోపము చిన్న భాషలకు, చెదరిన జనులకు ముందుగా తగులునని మా అభిప్రాయము.

బెంగుళూరు వారి డిజిటల్ లైబ్రరీ తావు తరువాతి కాలమున మూతబడెను. అదృష్టవశమున ఆ గ్రంథములు ఇంటర్నెట్ ఆర్కైవు అను అమెరికా సంస్థ వద్దకు చేరి, నేటికిని ఉచితముగా దొరకుచున్నవి. తెలుగు వికీసోర్సులో కొందరు యువకులు, ముదుసలులు కూలి పుచ్చుకొనకుండ ఆ పుటలను ఒక్కొక్కటే టైపు చేసి సరిచూచుచున్నారు. బ్రౌను బంగళాలో కూర్చున్న పండితుల పనియే ఇది, జీతము తప్ప.

చట్టము సంగతి కూడ చెప్పక తప్పదు. మనలో చాలమందికి ‘జిరాక్సు తీయించిన నేరమగునేమో’ అను భయము కలదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, తరువాతి సవరణతో కలిపి, రచయిత జీవితకాలమున ప్రకటించిన గ్రంథమునకు ఆయన గతించిన తరువాత 60 సంవత్సరముల వరకు హక్కు నిలుచును. కావున 1960లో గాని అంతకు ముందు గాని గతించినవారు అట్లు ప్రకటించిన గ్రంథములకు ఇప్పుడు అడ్డు లేదు. ఇంకను హక్కు ఉన్న గ్రంథమైనను, ఈ దేశమున అమ్మకమునకు దొరకనిచో, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయము తన ఉపయోగమునకు మూడు ప్రతులకు మించకుండ తీయించుకొనవచ్చునని ఆ చట్టముననే కలదు. 2012లో కొన్ని పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆవరణలోని చిన్న జిరాక్సు దుకాణముపై దావా వేసినవి. విద్యార్థులకు పాఠ్యభాగములను కట్టలుగా నకలు తీసి యిచ్చుచున్నాడని. 2016లో ఢిల్లీ హైకోర్టు, చదువు చెప్పుటకై అట్లు తీయుటను చట్టము అనుమతించుచున్నదని భావించి దావాను కొట్టివేసెను. అప్పీలు విన్న ధర్మాసనము కొంత తిరిగి విచారింపుమని పంపినను, 2017లో ఆ సంస్థలే దావాను ఉపసంహరించుకొన్నవి. పారిస్ వీధిలో ముక్కలు అద్దెకిచ్చిన వర్తకుని, ఢిల్లీ దుకాణదారుని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన, నడుమ ఏడు వందల ఏండ్లు ఉన్నట్లు తోచదు.

అడిగిన ఇత్తురా అని కొందరు సందేహింతురు. మాకు రెండు అనుభవములును కలవు. మన సభ్యుడొకరికి తమ కులవృత్తి అయిన నేతను గూర్చిన పాత తెలుగు పుస్తకము కావలసి, పొరుగు రాష్ట్రమున ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు వ్రాసినాము. ఏ శాఖ విద్యార్థి, ఎవరి సిఫారసు, ఏ పరిశోధన అని అడిగిరి. వృద్ధుడు, చదువుకొనవలెనని కోరిక, అని వ్రాసినాము. అటుపై జవాబు లేదు. ఊరి పేరు చెప్పి లాభము లేదు. మరొకచోట ఒక గ్రంథాలయాధికారి, పోస్టుకార్డంత ఉత్తరమునకు, పుటల లెక్క, రుసుము లెక్క వ్రాసి, పది దినములలో ఫైలును ఈ-మెయిలున పంపిరి. దానిని మన బజారు దుకాణములో అచ్చొత్తించి కుట్టించి ఆ వృద్ధునికిచ్చినాము. అక్షరము పెద్దది చేసి తీయించుటచే కళ్ళజోడు తీసి చదువుచున్నారు. వెయ్యి ప్రతులు వేయు అచ్చువాడు ఒక్క ముసలివాని కన్నుల కొరకు అక్షరము పెంచునా?

కనుక వ్రాయునప్పుడు గ్రంథము పేరు, రచయిత పేరు, అచ్చైన సంవత్సరము, వీలైనచో గ్రంథాలయపు జాబితాలోని సంఖ్య తప్పక వ్రాయవలెను. మొత్తము కావలెనా, కొన్ని పుటలు చాలునా అనునది స్పష్టముగా చెప్పవలెను. ఇండెంటు సరిగా లేనిదే స్టోర్సువారు మేకు కూడ ఇవ్వరు గదా.

ఇవి పరుల వద్ద నున్న గ్రంథముల మాట. మన వద్ద నున్నవానిని ఎవరు స్కాను చేయుదురు? బరంపురము, ఖుర్దా రోడ్డు, షోలాపురము, కోలారు బంగారు గనులు, ఇట్టి చోట్ల తెలుగు సంఘములు వేసిన పండుగ సంచికలు, నాటకముల కరపత్రములు, పెండ్లి పద్యములు ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఉన్నవి? ఏ జాబితాలో లేనివానికి మీట ఎక్కడ? ఎట్లు పరదేశమున బ్రతికితిమో, ఎవరు ఏ పాఠశాలకు తెలుగు తరగతి అడిగి సాధించిరో, ఆ సంగతులన్నియు ఆ చవుక కాగితములలోనే ఉన్నవి. ఆ కాగితము అన్నిటికంటె త్వరగా విరుగును.

మన సంఘము గదిలోని బీరువాలో నున్న పాత సంచికలను ఇద్దరు కళాశాల పిల్లలు ఆదివారములందు ఫోను కెమెరాతో పుటపుటగా తీయుచున్నారు. పేర్లను తెలుగు అక్షరములలోనే ఎక్కించుచున్నారు. తొలి యేండ్ల సంచికలలో రెండు బీరువాలో లేవు; మరొకదానికి అట్టయు చివరి పదహారు పుటలును లేవు. ఎవరి యింట అటకమీదనైనను, పాత ట్రంకుపెట్టెలోనైనను అవి ఉన్నచో మాకు కబురు చేయ ప్రార్థన. పుస్తకమును తీసుకొనిపోము. మీ యింటనే, మీ ఎదుటనే, ఒక గంటలో తీసికొని, ఒక అచ్చు ప్రతిని మీకు కూడ ఇత్తుము.